చప్పట్ల తరవాత మొదలయ్యే పని

(సెప్టెంబర్ 15, ఇంజినీర్స్ డే సందర్భంగా విశాఖపట్నంలో ఒక విశ్రాంత మెకానికల్ ఇంజినీరింగ్ ప్రొఫెసర్ చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక వరుసకి వినిపిస్తోందా? సరే.

ముందు ఈ పని కానిచ్చేస్తాను, లేకపోతే ఫ్లాస్కులో నీళ్లు చల్లారిపోతాయి. నా చేతిలో ఉన్నది నిటినాల్ తీగ. నికెల్, టైటానియం పరమాణువులు ఇంచుమించు సగం సగం ఉండే మిశ్రలోహం. ఇప్పుడిది పేపర్ క్లిప్ ఆకారంలో ఉంది. ఇదిగో, లాగి సాఫు చేసేస్తున్నాను. ఇంకా వేలికి చుట్టి వంకర్లు తిప్పేస్తున్నాను. గ్లాసులో వేడినీళ్లు పోశాను. ఇప్పుడు ఇందులో వేస్తున్నా. ముందు వరుస వాళ్లకి కనిపించింది కదా? మళ్లీ క్లిప్ అయిపోయింది.

థాంక్స్. ఏ కాలేజీలో చేసినా సరిగ్గా ఇక్కడే చప్పట్లు పడతాయి. నా ఉద్యోగం మాత్రం ఈ చప్పట్ల తరవాత మొదలవుతుంది. తీగని బయటికి తీశాను, చల్లారుతోంది. చల్లారాక ఇందాకటి వంకర ఆకారానికి తనంతట తాను వెళ్తుందా? వెళ్లదు. క్లిప్‌గానే ఉండిపోతుంది. మరి రోబో వేలికి ఈ తీగ కట్టామనుకోండి, వేలు ముడుచుకుంటే సరిపోదు కదా, తెరుచుకోవాలి కూడా. ముడిచే పని తీగ చూసుకుంటుంది. తెరిచే పని ఎవరిది? ఎంతసేపట్లో తెరవాలి? ఎన్ని లక్షల సార్లు తెరవాలి? స్మార్ట్ మెటీరియల్స్, రోబోటిక్స్ అని నా బయోడేటాలో పెద్ద పెద్ద మాటలు చదివారు గానీ, నేను చేసిందంతా ఈ మూడు ప్రశ్నల చుట్టూ తిరగడమే.

ఈ లోహం కథ కొంచెం చెప్పుకోవాలి. 1959 ప్రాంతంలో అమెరికా నౌకాదళానికి చెందిన ఆయుధ ప్రయోగశాలలో విలియం బ్యూలర్ అనే లోహశాస్త్రజ్ఞుడు క్షిపణి ముక్కుకి వాడటానికి వేడిని తట్టుకునే లోహం కోసం వెతుకుతున్నాడు. నికెల్ టైటానియం దగ్గర ఆగాడు. 1961లో ఒక మీటింగులో, ఎంత వంచినా విరగదని చూపించడానికి దాని రేకుని మడతలు మడతలుగా మడిచి పెద్దాఫీసర్ల చేతికిచ్చారు. అక్కడున్న డేవిడ్ మజీ అనే ఆయనకి పైపు తాగే అలవాటు. జేబులో లైటరుంది. సరదాకి రేకు కింద వెలిగించాడు. మడతలన్నీ విచ్చుకుని రేకు చాపుకుపోయింది. ఇదెందుకు జరిగిందో తరవాత ఫ్రెడరిక్ వాంగ్ అనే శాస్త్రజ్ఞుడు వివరించాడు. అంతకు ముందే, 1932లో, స్వీడన్‌కి చెందిన ఓలాండర్ బంగారం-కాడ్మియం మిశ్రమంలో ఇలాంటి గుణాన్ని గమనించాడు. బంగారంతో స్ప్రింగులు ఎవరు చేయించుకుంటారు? అది పుస్తకాల్లోనే ఉండిపోయింది.

లోపల జరిగేది ఏమిటంటే, చల్లగా ఉన్నప్పుడు ఈ లోహంలో పరమాణువుల వరసలు చీర కుచ్చిళ్లలా ఉంటాయి, ఒక మడత ఇటు, ఒక మడత అటు. తీగని లాగితే ఆ కుచ్చిళ్లు విచ్చుకుంటాయి. గుడ్డ సాగలేదు, చిరగలేదు, మడత విచ్చుకుని పొడవైందంతే. దీన్ని మార్టెన్‌సైట్ దశ అంటాం. వేడెక్కితే ఆస్టెనైట్ దశకి మారుతుంది. ఆ దశలో పరమాణువులు ఘనాకారంగా ఒకే ఒక్క పద్ధతిలో కూర్చోగలవు. వేరే దారి లేదు కాబట్టి మొత్తం తీగ అసలు ఆకారానికి వచ్చేస్తుంది. అసలు ఆకారం ఏదో మనమే ముందుగా నేర్పుతాం. కావలసిన రూపంలో గట్టిగా బిగించి, 500 డిగ్రీల దగ్గర కొలిమిలో కాసేపు పెట్టి, నీళ్లలో ముంచుతాం. ఎన్ని డిగ్రీల దగ్గర దశ మారాలన్నది నికెల్ పాలు మీద ఆధారపడుతుంది. అది నూటికి ఒక్క పాలు అటూ ఇటూ అయితే వంద డిగ్రీల దాకా తేడా వచ్చేస్తుంది. అందుకే ఇది కాలేజీ ల్యాబులో పోత పోసుకునే సరుకు కాదు, కొనుక్కోవాల్సిందే.

ఇప్పుడు ఒక విషయం గమనించండి. ఈ లోహం బజారులో బాగా నెగ్గిన చోట్లు ఏవి? మొదటి పెద్ద వాడకం ఎఫ్-14 యుద్ధవిమానం హైడ్రాలిక్ పైపులకి. పైపు కన్నా కాస్త సన్నగా నిటినాల్ గొట్టం చేస్తారు. దాన్ని ద్రవ నైట్రోజన్‌లో, అంటే మైనస్ 196 డిగ్రీల దగ్గర ముంచి, ఆ చలిలోనే వెడల్పు చేస్తారు. రెండు పైపుల కొసలు అందులో దూర్చి వదిలేస్తే, మామూలు గది వేడికి రాగానే అది కుంచించుకుని పైపుల్ని పట్టేసుకుంటుంది. వెల్డింగు అక్కర్లేదు. రెండోది, గుండె రక్తనాళంలోనో కాలి రక్తనాళంలోనో వేసే స్టెంట్లలో కొన్ని రకాలు. ముడిచి లోపలికి పంపిస్తే, ఒంటి వేడికి తెరుచుకుంటాయి. మూడోది పళ్లకి వేసే క్లిప్పుల తీగ. మన ఊళ్లో పిల్లలు ఎంతమంది అది పెట్టుకు తిరుగుతున్నారో!

ఈ మూడింటిలో ఏ ఒక్కటీ వెనక్కి రావక్కర్లేదు. పైపుని పట్టుకుంది, పట్టుకునే ఉండాలి. స్టెంట్ తెరుచుకుంది, తెరుచుకునే ఉండాలి. ఒక్కసారి కదిలితే పని అయిపోయే చోట ఈ లోహానికి తిరుగులేదు. నాకు ఉద్యోగం దొరికింది మాత్రం రోబోటిక్స్‌లో. అక్కడ కదిలింది వెనక్కి రావాలి, మళ్లీ కదలాలి, పొద్దస్తమానం అదే పని.

అసలు నేను ఈ దారిలోకి ఎలా వచ్చానని పరిచయం చేసినాయన అడిగారు. ఇక్కడ వాల్తేరు గాలికి ఒక గుణముంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1930, 40ల్లో సూరి భగవంతం గారు ఫిజిక్స్ చెప్పేవారు. సి.వి. రామన్ శిష్యుడు. స్ఫటికాల ఆకారంలోని సౌష్ఠవాన్ని బట్టి వాటి గుణాలు ఎలా ఉంటాయో గణితంతో లెక్క తేల్చిన మనిషి. వజ్రం ఎంత బిగువైనదో, అంటే దాని ఎలాస్టిక్ కాన్‌స్టెంట్స్ ఎంతో, ఆయనా భీమసేనాచార్ గారూ కలిసి కొలిచి 1946లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో ప్రచురించారు. స్ఫటికంలోకి అతిధ్వని తరంగాలు పంపి కొలిచే పద్ధతి. ఆ తరవాత ఆయన బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కి డైరెక్టరయ్యారు, రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారు అయ్యారు. నేను చదువుకునే రోజులకి ఆయన ఇక్కడ లేరు. ఆయన దగ్గర చదువుకున్నవాళ్ల దగ్గర చదువుకున్నవాళ్లు మాత్రం ఉన్నారు. మెకానికల్ కుర్రాడినైన నేను ఫిజిక్స్ వాళ్ల సెమినార్లలో వెనక బెంచీలో కూర్చునేవాణ్ణి. మొదట్లో అర్థమైంది తక్కువ, టీ బాగుండేది.

అక్కడే పీజో ఎలక్ట్రిసిటీ పరిచయమైంది. ఒత్తితే కరెంటు పుట్టించే స్ఫటికాలు. 1880లో జాక్ క్యూరీ, పియరీ క్యూరీ అన్నదమ్ములు కనిపెట్టారు. అప్పటికి పియరీకి 21 ఏళ్లు. మరుసటి ఏడాది లిప్‌మన్ అనే ఆయన, ఒత్తితే కరెంటు వచ్చేటట్టయితే కరెంటు పెడితే ఆకారం కూడా మారాలి కదా అని లెక్కలతో చెప్పాడు. క్యూరీలు చేసి చూస్తే నిజమే. మీ వంటింట్లో గ్యాస్ లైటర్ టిక్కుమన్నప్పుడల్లా జరిగేది మొదటిది. లోపల ఒక చిన్న సుత్తి స్ఫటికం మీద పడుతుంది, వేల వోల్టులు పుట్టి నిప్పురవ్వ దూకుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1917లో, పాల్ లాంజవాఁ రెండు ఉక్కు పలకల మధ్య క్వార్ట్జ్ పెట్టి నీళ్లలోకి ధ్వని పంపాడు. జలాంతర్గామి ఎక్కడుందో ప్రతిధ్వనితో పట్టుకోవడానికి. సోనార్‌కి అది మొదలు. ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా పెట్టిన కురుసుర జలాంతర్గామి లోపలికి వెళ్లి చూసొచ్చే పిల్లలకి నేను చెప్పేది ఇదే. ఇంజన్లూ టార్పెడోలూ అందరూ చూస్తారు, సముద్రం కింద కళ్లు పనిచెయ్యవు, చెవులే దిక్కు. ఆ చెవులు ఇలాంటి స్ఫటికాల పుణ్యం. నౌకాదళం, షిప్‌యార్డు, నౌకాదళ పరిశోధనశాల ఎన్‌ఎస్‌టీఎల్ ఉన్న ఊళ్లో పుట్టినవాడికి ఈ సబ్జెక్టు మీద మనసు పోవడం వింతేమీ కాదు.

అయితే పీజోతో చిక్కు ఏమిటంటే, కదలిక మరీ తక్కువ. పీజెడ్‌టీ అని లెడ్, జిర్కోనియం, టైటానియంల సిరామిక్ ఉంది. ఒక మిల్లీమీటరు మందం ముక్కకి వెయ్యి వోల్టులు పెడితే అది పెరిగేది సుమారు 0.4 మైక్రాన్. మన తల వెంట్రుక మందంలో 200వ వంతు. బలం మాత్రం బ్రహ్మాండం, వేగం సెకనుకి వేల సార్లు. నిటినాల్ దీనికి సరిగ్గా తిరగేసిన లెక్క. పొడవులో 4 శాతం హాయిగా ముడుచుకుంటుంది, ఒక్కసారికైతే 8 శాతం దాకా కూడా ఓర్చుకుంటుంది, నడక మాత్రం నత్తనడక. ఒకటి ఉరుకుతుంది గానీ అడుగు ముందుకి పడదు, ఇంకోటి అంగలు వేస్తుంది గానీ మధ్యలో కూర్చుండిపోతుంది. రెండింటిలో ఏదో ఒకటి పట్టుకోవాలి. నేను తీగని పట్టుకున్నాను.

పీజోని వదలడానికి ఇంకో చిన్న కారణం మన ఊరి వాతావరణం. నవ్వకండి, నిజమే. పీజో సెన్సర్లో పుట్టే విద్యుదావేశం అతి తక్కువ. కనెక్టరు మీద కాస్త తేమ, దాని మీద సముద్రం ఉప్పు చేరితే అది కారిపోతుంది. జూలై నుంచి అక్టోబరు దాకా మా ల్యాబులో పొద్దున్న ఒక రీడింగు, సాయంత్రం ఇంకో రీడింగు. కనెక్టర్లని స్పిరిట్‌తో తుడవడం, టేబుల్ లాంపు కింద ఆరబెట్టడం, సిలికా జెల్ పొట్లాలు దాచుకోవడం. బెంగళూరు మిత్రులకి చెబితే నమ్మేవారు కాదు.

ఇక తీగ చల్లారే సంగతి. ఇది ఇంజినీరింగు విద్యార్థులు జాగ్రత్తగా వినండి, మిగతావాళ్లు కాసేపు ఓర్చుకోండి. 0.15 మిల్లీమీటర్ల తీగ తీసుకుందాం. సుమారు 0.4 ఆంపియర్ కరెంటు పంపిస్తే ఒక సెకనులో వేడెక్కి ముడుచుకుంటుంది. 320 గ్రాముల బరువుని లాగుతుంది. ఇంత సన్న తీగకి అది చాలా ఎక్కువ. కరెంటు తీసేస్తే నిలకడ గాలిలో చల్లారడానికి 2 సెకన్లు. బాగానే ఉంది. ఇంకా బరువు లాగాలని 0.5 మిల్లీమీటర్ల తీగ వేశామనుకోండి. లాగుడు మూడున్నర కిలోలకి పెరుగుతుంది. చల్లారడానికి మాత్రం 16, 17 సెకన్లు. అదేంటి? లోపల దాచుకునే వేడి తీగ అడ్డుకోత వైశాల్యాన్ని బట్టి, అంటే వ్యాసం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. బయటికి వదిలే ఉపరితలం వ్యాసాన్ని బట్టి మాత్రమే పెరుగుతుంది. లావయ్యేకొద్దీ వేడి పెరుగుతుంది, బయటికి పోయే దారి అంతగా పెరగదు.

అయితే పరిష్కారం ఉంది. ఒక లావు తీగ బదులు పదకొండు సన్న తీగలు పక్కపక్కన వేస్తే అదే మూడున్నర కిలోలు, అదే 2 సెకన్లు. ఈ లెక్క నల్లబల్ల మీద వెయ్యడానికి మూడు నిమిషాలు చాలు. చెయ్యడానికి మాకు పట్టిన కాలం అడగకండి.

ఎందుకంటే పదకొండు తీగలూ ఒకే పొడవుండాలి. 30 సెంటీమీటర్ల తీగ ముడుచుకునేది 12 మిల్లీమీటర్లు. పదకొండింటిలో ఒకటి 1 మిల్లీమీటరు పొట్టిదైతే, మిగతా పదీ వదులుగా ఉండగా బరువంతా దాని మీదే పడుతుంది. అది సాగి పాడైపోతుంది. తరవాత దాని పక్కది. పోనీ కొసలు సరిగ్గా పట్టుకుందామంటే, ఈ తీగకి టంకం పట్టదు. టైటానియం ఆక్సైడు పొర పైన ఉంటుంది, సీసం జారిపోతుంది. ముడి వేస్తే, వేడెక్కగానే తిన్నగా అవ్వాలని ముడి విప్పుకుంటుంది. చిన్న ఇత్తడి గొట్టంలో పెట్టి నొక్కితే కొన్నాళ్లకి మెల్లగా జారుతుంది.

దీనికి మందు చెప్పింది ఆటోనగర్‌లో లేత్ మీద పనిచేసే ఒక మేస్త్రీ. మేము ఇత్తడి గొట్టాలు చేయించుకోవడానికి వెళ్తే, తీగని వేళ్ల మధ్య నలిపి చూసి, "ఏటండీ మాస్టారూ, ఇంత సన్నదాన్ని నొక్కితే ఎలాగుంటాది? చుట్టి బిగించండి. ఆటో క్లచ్ వైరుకి మేం చేసీది అదే కదా" అన్నాడు. స్క్రూ చుట్టూ రెండు చుట్లు చుట్టి ఆ తరవాత వాషరు కింద నొక్కాలి. నేను గదికి వచ్చి లెక్క వేశాను. ఘర్షణ గుణకం 0.3 అనుకుంటే, రెండు చుట్లు చుట్టేసరికి వాషరు మీద పడే లాగుడు 43వ వంతుకి దిగిపోతుంది. డిగ్రీ రెండో ఏడాది పుస్తకంలో ఉండే సూత్రమే. బెల్టులకీ తాళ్లకీ మేమే పాఠం చెబుతాం, ఈ తీగకి వాడాలని మా ల్యాబులో ఎవరికీ తట్టలేదు. ఆయన చేతికందిన 3 మిల్లీమీటర్ల స్క్రూ ఇచ్చాడు. అంత సన్న స్క్రూకి చుడితే తీగ పై పొర దగ్గర దగ్గర 5 శాతం సాగిపోతుంది, అది ఎక్కువ. 6 మిల్లీమీటర్లది వేస్తే సగానికి దిగుతుంది. హైలం షీటు మీద 6 మిల్లీమీటర్ల ఇత్తడి స్క్రూలు వరసగా బిగించి, ఒక్కో తీగనీ సమానమైన చిన్న బరువు వేలాడదీసి చుట్టాం. పొడవులు సరిపోయాయి. కరెంటు కూడా ఆ స్క్రూకే ఇచ్చాం, విడిగా కనెక్షను అక్కర్లేకుండా.

ఇలాంటివి రీసెర్చ్ పేపర్లలోకి రావు. వచ్చినా రివ్యూ చేసేవాళ్లు 'ఇందులో కొత్తేముంది' అంటారు. 2000 ప్రాంతంలో డీఆర్‌డీవో, అంతరిక్ష శాఖ, సీఎస్ఐఆర్ లాంటివి కలిసి స్మార్ట్ మెటీరియల్స్‌కి ఒక జాతీయ కార్యక్రమం పెట్టాయి. డాక్టర్ వి.కె. ఆత్రే గారు దానికి పెద్ద. దేశంలో చాలా కాలేజీలకి ఈ సబ్జెక్టు అందింది అప్పుడే, నాలాంటివాళ్లకి ఊపిరి వచ్చిందీ అప్పుడే. దాంతోపాటు పేపర్ల వరద కూడా వచ్చింది. తొంభై పాళ్లు గణిత నమూనాలు, కంప్యూటర్లో బొమ్మలు. అందులో తీగ కొసలు ఎప్పుడూ 'ఫిక్స్‌డ్', అంటే కదలకుండా బిగించి ఉన్నట్టే. ఒక చిన్న త్రిభుజం బొమ్మ గీసి వదిలేస్తారు. ఆ త్రిభుజం లోపల ఏముందో చూడనివాడు ఈ రంగంలో ఎన్నేళ్లున్నా తీగని చూసినట్టు కాదని నా అభిప్రాయం. కోపగించుకునేవాళ్లు ఈ హాల్లో ఇద్దరు ముగ్గురు ఉన్నారు, నాకు తెలుసు.

రోబోల వైపు వద్దాం. మొదటి పారిశ్రామిక రోబో యూనిమేట్ 1961లో అమెరికాలో జనరల్ మోటార్స్ ఫ్యాక్టరీలో పనికెక్కింది. వేడి వేడి పోత ముక్కల్ని అచ్చుల్లోంచి తీసే పని. ఆ రోజు నుంచి రోబో చేతికి ఉన్న బాధ ఒక్కటే. మణికట్టు మోటారుని మోచెయ్యి మొయ్యాలి, మోచేతి మోటారుని భుజం మొయ్యాలి. చెయ్యి లాగే బరువులో ఎక్కువ భాగం చెయ్యే. మోటారు తీసేసి కండరంలా ముడుచుకునే తీగ పెడితే ఆ బరువు పోతుంది కదా అన్నదే మా ఆశ. 1997లో అంగారకుడి మీద దిగిన సోజర్నర్ బండిలో ఒక నిటినాల్ తీగ ఉంది. ఒక చిన్న సోలార్ సెల్ మీద గాజు మూతని పక్కకి జరపడమే దాని పని. మూత ఉన్నప్పుడు ఎంత కరెంటు వస్తోంది, తీసేస్తే ఎంత వస్తోంది అని చూసి మూత మీద ఎంత దుమ్ము పడిందో లెక్కకట్టేవారు. రోజులో ఎప్పుడో ఒకసారి కదిలే మూత, తొందరేమీ లేదు. తీగకి తగ్గ పని వెతికి ఇచ్చారు చూడండి, దాన్ని నేను మంచి డిజైన్ అంటాను.

ఈ తీగలో నాకు బాగా నచ్చే గుణం ఇంకోటుంది. ముడుచుకునేకొద్దీ దాని విద్యుత్ నిరోధం తగ్గుతుంది. అంటే తీగకి ఇచ్చే వోల్టేజీ, కరెంటు చూసి అది ఎంత ముడుచుకుందో చెప్పొచ్చు. వేరే సెన్సరు అక్కర్లేదు. అయితే వేడెక్కేటప్పుడు ఒక దారి, చల్లారేటప్పుడు ఇంకో దారి. రెండింటి మధ్య 20, 30 డిగ్రీల ఎడం. ఆ రెండు దారుల లెక్క కంప్యూటరుకి నేర్పించడం మీద నా దగ్గర చాలామంది పీహెచ్‌డీలు చేశారు. వాళ్లలో కొందరిక్కడే ఉన్నారు, ఆ గ్రాఫులు గుర్తొచ్చి మొహాలు చూడండి ఎలా పెట్టారో!

రొయ్యల సంగతి చెప్పకుండా ముగిస్తే మా శిష్యురాలు ఒప్పుకోదు. ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటు వాళ్లు మా దగ్గరికి వచ్చారు. గ్రేడింగ్ అయిన రొయ్యల్ని ట్రేలో వరసగా పేర్చే రోబో కావాలి. 30 కౌంటు రొయ్య, అంటే కిలోకి ముప్పై. ఒకటి ముప్పయి మూడు గ్రాములు. తడి, జారుడు, గట్టిగా పట్టుకుంటే నలిగి ధర పోతుంది. ఆ అమ్మాయి థీసిస్ 'నిటినాల్ తీగలతో నడిచే మెత్తటి గ్రిప్పర్'. ఇంతకన్నా మంచి అవకాశం దొరుకుతుందా అని వెళ్లాం. అక్కడ పని చేసేది మంచు నీళ్ల మధ్య. తీగ చల్లారడం చాలా బాగుంది, అర సెకను కూడా చూడక్కర్లేదు. వేడెక్కడమే కష్టం. పెట్టిన కరెంటంతా మంచు తినేస్తోంది. పైగా 70 డిగ్రీల తీగని రొయ్య పక్కన పెడతామంటే క్వాలిటీ వాళ్లు ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా. అక్కడ పని చేసే ఒకావిడ మా గ్రిప్పరు వైపు కాసేపు చూసి, "బాబూ, నేను రెండు ట్రేలు నింపీసినాను, మీదింకా ఒక్క రొయ్య లేవలేదు" అంది.

అమ్మాయి, నేను వచ్చేటప్పుడు కారులో మాట్లాడుకున్నాం. ప్లాంటులో కంప్రెసర్ ఎలాగూ ఉంది. సిలికాన్ రబ్బరుతో లోపల గుల్లగా వేళ్లు పోత పోసి గాలి నింపితే అవే వంగుతాయి, గాలి వదిలితే అవే తెరుచుకుంటాయి. వెనక్కి రావడం ఫ్రీ. అచ్చులు త్రీడీ ప్రింటర్లో వస్తాయి, కడగడం తేలిక. సైకిలు ట్యూబులో ఉండేదానికన్నా చాలా తక్కువ గాలి చాలు. "మరి నా థీసిస్ టైటిల్ సంగతేంటి సార్?" అంది. న్యాయమైన టెన్షనే, అప్పటికి మూడో ఏడు నడుస్తోంది. చివరికి థీసిస్‌ని రెండింటి పోలికగా మార్చాం. ఎంత చలిలో, ఎంత తడిలో, ఎంత వేగం కావాలంటే తీగ పనికొస్తుంది, ఎక్కడి నుంచి గాలి మేలు అని సరిహద్దు గీసింది. తీగల మీద నా పేరుతో వచ్చిన పేపర్లలో నేను మళ్లీ మళ్లీ తీసి చూసుకునేది ఆ అమ్మాయిదే. రొయ్యలు గాలి వేళ్లతోనే లేచాయి.

ప్రస్తుతం ఇంట్లో కూర్చుని నేను గెలుకుతున్నది ఇంకోటి. నీళ్లలో నడిచే చేప. తోకకి ఇటు ఒక తీగ, అటు ఒక తీగ. ఎడమది వేడెక్కితే తోక ఎడమకి, కుడిది వేడెక్కితే కుడికి. గాలిలో అయితే ఎడమ తీగ చల్లారకముందే కుడిదాన్ని వేడి చేస్తే రెండూ పీక్కుంటాయి. నీళ్లలో ఆ గొడవ లేదు, వెంటనే చల్లారుతుంది. మంచు దగ్గర వచ్చిన బాధే ఇక్కడా వస్తుంది, కరెంటు బాగా పెట్టాలి. అందుకని తీగ మీద పల్చటి సిలికాన్ పొర వేస్తున్నాం. పొర మందమైతే చల్లారదు, పల్చనైతే వేడెక్కదు. ఉప్పు నీళ్లలో కొసల దగ్గర కరెంటు లీకు కాకుండా చూసుకోవడం దానికదే ఒక పెద్ద పని. ఆ పొర మందం దగ్గరే ఇప్పుడు మా బండి ఆగి ఉంది.

ప్రశ్నలుంటే అడగండి.

(వేడికి ఒక ఆకారం, చలికి ఒక ఆకారం, రెండూ ఒకే తీగకి నేర్పించవచ్చా అని ఒక బడి అబ్బాయి అడిగాడు.)

మంచి ప్రశ్న నాన్నా. నేర్పించవచ్చు. ఒకే పద్ధతిలో వంచి, వేడి చేసి, చల్లార్చి, మళ్లీ వంచి, అలా చాలాసార్లు చేస్తే చల్లారేటప్పుడు కూడా కొంత తనంతట తాను వంగుతుంది. కాకపోతే కదలిక తగ్గిపోతుంది, చల్లారేటప్పుడు బలం ఉండదు, ఎప్పుడైనా మరీ వేడెక్కిందంటే నేర్చుకున్నది మరిచిపోతుంది. అందుకే మేము రోబోల్లో అది వాడం, ఒక స్ప్రింగు పెట్టేస్తాం. ఇంట్లో గ్యాస్ స్టవ్ మీద మాత్రం ప్రయత్నించకు. మీ సైన్స్ టీచరు గారిని తీసుకుని ల్యాబుకి రా, కొలిమి దగ్గర నేనుంటాను.

(చేప తోకకి తీగలెందుకు, చిన్న మోటారు పెడితే సరిపోదా అని ఒక బీటెక్ విద్యార్థి అడిగాడు.)

సరిపోతుంది. చాలా చోట్ల అదే పెట్టాలి. మంచి మోటారు తీసుకున్న కరెంటులో నూటికి డెబ్బై, ఎనభై పాళ్లు పనిగా తిరిగిస్తుంది. ఈ తీగ అయిదు పాళ్లు కూడా ఇవ్వదు, మిగతాదంతా వేడే. బ్యాటరీ గంటలు లెక్కపెట్టుకునే పనైతే నా దగ్గరికి రావద్దు. మోటారుకైతే షాఫ్టు బయటికి రావాలి, అక్కడ సీలు వెయ్యాలి, ఉప్పు నీళ్లకి ఆ సీలు ఎంతకాలం ఆగుతుందో షిప్‌యార్డులో పనిచేసిన వాళ్లని అడుగు. గేర్లు చప్పుడు చేస్తాయి. తీగకి షాఫ్టు లేదు, సీలు లేదు, చప్పుడు లేదు. చేప నీ బొటనవేలంత ఉండాలి, పది నిమిషాలు ఈదితే చాలు, పక్కనున్న అసలు చేపలు బెదరకూడదు అంటే తీగ వెయ్యి. మూరెడు చేపైతే మోటారే పెట్టుకో.